ఆ క్షిపణి నమూనా కింది రాతను సరిచేయాలి

సంపాదకులు గారికి,

అయ్యా,

గత నెలలో మా వీధి చివరనున్న ఉన్నత పాఠశాలవారు తమ ఎనిమిదో తరగతి పిల్లలను ఓరుగల్లు పరిసరాల్లోని ఒక విజ్ఞాన ప్రదర్శనశాలకు తీసుకుపోతూ, చాలా ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన నన్ను కూడా వెంట రమ్మన్నారు. అక్కడ రెండో గదిలో, గాజు పెట్టెలో, ఆరడుగుల పొడవున్న క్షిపణి నమూనా ఒకటి ఉంది. జలాంతర్గాములను వేటాడడానికి మన రక్షణ పరిశోధన సంస్థ ప్రయోగాత్మకంగా రూపొందిస్తున్న ‘స్మార్ట్’ (ఆంగ్లంలో ‘సూపర్‌సోనిక్ మిసైల్ అసిస్టెడ్ రిలీజ్ ఆఫ్ టార్పెడో’) అనే క్షిపణికి అది నమూనా అట. దాని కింది పలక మీద నాలుగు వరుసలున్నాయి. మొదటి వరుస పేరు. రెండో వరుసలో అది ప్రపంచంలోనే ఇటువంటి మొట్టమొదటి క్షిపణి అని ఉంది. మూడో వరుసలో అది మన యుద్ధనౌకలపై మోహరించి ఉన్నదని రాసి, పక్కనే ఓడ మీది నుంచి క్షిపణి లేస్తున్న రంగుల బొమ్మ వేశారు. నాలుగో వరుస ‘అతిధ్వని క్షిపణి సహాయ విడుదల టార్పెడో యొక్క’ అని ఆగిపోయింది. ఆ ‘యొక్క’ తరువాత ఏముండాలో పిల్లలతో పాటు నేనూ కాసేపు వెతికాను.

ఆ ప్రదర్శనశాల ఏదో, దాన్ని నడిపేది ఎవరో ఇక్కడ రాయడం లేదు. ఒకరిని రచ్చకీడ్చడం నా ఉద్దేశం కాదు. సముద్రం ఎరుగని ఊళ్ల పిల్లలకు సముద్రపు ఆయుధాన్ని చూపించాలన్న ఆలోచన మెచ్చదగినది. నా ఫిర్యాదు ఆ నాలుగు వరుసల మీద మాత్రమే. ములుగు వైపు నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక అమ్మాయి పలక అంతా చదివి, నా వైపు తిరిగి, "సార్, రాకెట్టుకు నిప్పు కావాలె గద, నీళ్లల్ల నిప్పెట్ల ఉంటది?" అని అడిగింది. ఆ నమూనా ముందు నిలబడిన ఎవరైనా అడగవలసిన మొదటి ప్రశ్న అదే. పలక దానికి జవాబు చెప్పడం లేదు సరికదా, అటువంటి ప్రశ్న పుట్టకుండా అడ్డం పడుతున్నది.

జవాబు నిజానికి చాలా అందమైనది. ఆ క్షిపణి నీళ్లలోకి పోదు. అది ఒక మోతగాడు. దాని తలలో, ముక్కు తొడుగు కింద, ఒక తేలికపాటి టార్పెడో, అంటే నీటిలో తానే ఈదుకుంటూ పోయి పేలే ఆయుధం, పడుకొని ఉంటుంది. రెండంచెల ఘన ఇంధనపు రాకెట్ ఆ టార్పెడోను ధ్వనిని మించిన వేగంతో గాలిలో మోసుకుపోయి, శత్రు జలాంతర్గామి ఉన్నదని తెలిసిన చోటికి చేరువలో ముక్కు తొడుగు విప్పి, దాన్ని వదిలేస్తుంది. అక్కడ పారాచూట్ తెరుచుకొని టార్పెడో వేగాన్ని తగ్గిస్తుంది. ఈ వేగం తగ్గించడమనేది చిన్న పనేమీ కాదు. మోటబావి గట్టు మీది నుంచి పొట్ట అడ్డంగా పడిన పిల్లగాడికి నీళ్లు ఎంత గట్టిగా ఉంటాయో ఎవరూ చెప్పనక్కరలేదు. ధ్వని వేగంతో వచ్చి తగిలే యంత్రానికి సముద్రం బండరాయే అవుతుంది. మెల్లగా నీటిని తాకిన తరువాత పారాచూట్ విడిపోతుంది, టార్పెడో తన సొంత బ్యాటరీతో మరను తిప్పుకుంటూ, నీటిలోని చప్పుళ్లను పట్టే తన సొంత సోనార్‌తో వింటూ, వేటకు పోతుంది. ఈ తరగతి టార్పెడోలలో సముద్రపు ఉప్పునీరు లోపలికి చేరగానే ప్రాణం పోసుకొనే బ్యాటరీలుంటాయి. నిప్పు గాలిలోనే మిగిలిపోయింది. నీటిలో పని చేస్తున్నది నీరే. ఆ అమ్మాయికి ఇంతే చెప్పాను.

నిజం చెప్పాలంటే ఆమె ప్రశ్నలో ఇంకొక మెలిక కూడా ఉంది. ఘన ఇంధనంలో మండే పదార్థంతో పాటు మండించే ఆక్సిజన్ కూడా కలిసే ఉంటుంది కనుక, గాలి లేని చోట కూడా అది మండగలదు. 1960లలో అమెరికా నౌకాదళంలో చేరిన సబ్‌రాక్ అనే ఆయుధం జలాంతర్గామి గొట్టంలో నుంచి బయటికి వచ్చి, నీటి అడుగునే రాకెట్ అంటుకొని, పైకి లేచి, గాలిలో ఎగిరి, మళ్లీ నీటిలో పడేది. ఎనిమిదో తరగతికి ఇది అక్కరలేదు. పదో తరగతి తరువాత ఎవరైనా అడిగితే చెప్పవచ్చు.

ఇక, టార్పెడోను ఓడ మీది నుంచి నేరుగా నీటిలో వదలక, ఇంత శ్రమపడి గాలిలో మోయడం ఎందుకు? ఇక్కడ ఒక లెక్క చేయిస్తే పలక అవసరమే తీరిపోతుంది. విశాఖపట్నంలోని నౌకా విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాల రూపొందించిన శ్యేన అనే తేలిక టార్పెడోను తీసుకుందాం. దాని పొడవు సుమారు 2.75 మీటర్లు, వ్యాసం 324 మిల్లీమీటర్లు, బరువు 220 కిలోలు. ఎనుమాముల మార్కెట్టులో ఐదారుగురు హమాలీలు కలిసి ఎత్తవలసిన సరుకు. అది గంటకు 33 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 61 కిలోమీటర్లు పోతుంది; నీటిలో అది గొప్ప వేగమే. కాని బ్యాటరీ 19 కిలోమీటర్ల దగ్గరలో అయిపోతుంది. ఒకవేళ అయిపోదనే అనుకున్నా, 100 కిలోమీటర్ల అవతల ఉన్న జలాంతర్గామిని చేరడానికి దానికి గంటన్నరకు పైగా పడుతుంది. ఆలోగా జలాంతర్గామి గంటకు 20 కిలోమీటర్ల చొప్పున నెమ్మదిగా కదిలినా 30 కిలోమీటర్ల పైన తప్పుకుపోతుంది. అదే 100 కిలోమీటర్లను ధ్వని వేగంతో గాలిలో దాటితే ఐదు నిమిషాలు. ఐదు నిమిషాల్లో జలాంతర్గామి రెండు కిలోమీటర్లు కూడా పోలేదు, ఆ మాత్రం దూరాన్ని టార్పెడో తన చెవులతో వెతుక్కోగలదు. ఈ లెక్కను నల్లబల్ల మీద వేయిస్తే ఏ పిల్లవాడైనా ఈ ఆయుధాన్ని తానే కనిపెట్టానని అనుకుంటాడు.

చెవులంటున్నానంటే ఊరికే కాదు. రాడార్ వాడే రేడియో తరంగాలను సముద్రపు నీరు కొద్ది లోతులోనే మింగేస్తుంది. శబ్దం మాత్రం గాలిలో సెకనుకు 340 మీటర్లు పోయేది నీటిలో దాదాపు 1,500 మీటర్లు పోతుంది. చెరువులో మునిగి రెండు రాళ్లు కొట్టుకున్న ప్రతి పిల్లవాడూ ఈ ప్రయోగం చేసినవాడే. నీటి కింద వెతకడమంటే వినడమే.

‘ప్రపంచంలోనే మొట్టమొదటి’ అన్న వరుసకు వస్తాను. ఇది ఎందుకు రాస్తారో నాకు అర్థం కాదు. మనవాళ్లు చేసినదానికి విలువ రావాలంటే అది మొదటిదే కానక్కరలేదు. రాకెట్ మీద టార్పెడో అనే ఆలోచనకు ఎనభై ఏళ్ల చరిత్ర ఉంది. రెండో ప్రపంచయుద్ధం చివర, 1944లో, అమెరికా నౌకాదళం ఎగిరి పోయి నీటిలో దిగే ఆయుధాల కోసం ఒక పథకం మొదలుపెట్టి దానికి లకుముకి పిట్ట పేరు పెట్టింది. మన చెరువు కట్టల మీద తీగపై కూర్చొని, గాలిలో దూసుకువచ్చి, నీటిలో మునిగి చేపతో లేచే ఆ నీలి పిట్టే. ఆ పేరు పెట్టిన మనిషి ఎవరో గాని అతనికి పలకలు రాయడం తెలుసు. ఆ పథకంలోని ఆయుధాలకు నీటిపిట్టల పేర్లు పెట్టారు. వాటిలో గ్రీబ్ అనేది ఓడ మీది నుంచి జలాంతర్గామి పైకి వదలడానికి ఉద్దేశించినది. అది ప్రయోగ దశలోనే ఉండగా 1950లో ఆపేశారు. అది పోగలిగినంత దూరాన ఉన్న జలాంతర్గామిని కనిపెట్టగల సోనార్ ఆనాటి ఓడలకు లేదు. చేయి పోయినంత దూరం చెవి పోలేదన్నమాట. తరువాత 1961లో ఇటువంటి ఆయుధమే, ఆస్‌రాక్ అనేది, అమెరికా ఓడలపైకి వచ్చింది. అదే దశకంలో ఫ్రాన్స్ మలఫాన్‌ను, ఆస్ట్రేలియా ఇకారాను తెచ్చుకున్నాయి. ఇకారా అంటే అక్కడి ఆదివాసుల మాటలో విసిరే కర్ర.

గ్రీబ్ కథను నేను ఇంత పొడిగించడానికి కారణం ఉంది. ఆగిపోయిన ప్రయోగం కూడా ప్రదర్శనశాలలో పెట్టదగినదే. ఒక ఆయుధం ఎందుకు ఆగిపోయిందో తెలిసిన పిల్లవాడికి, స్మార్ట్ ఒక్కటే జలాంతర్గామిని పట్టుకోలేదని, దానికి ముందు ఎవరో విని చోటు చెప్పాలని, ఆ పనికోసమే మన నౌకాదళం 2013 నుంచి అరక్కోణం స్థావరంలో పీ-8ఐ విమానాలను నడుపుతున్నదని, అవి సముద్రంపై వినికిడి పరికరాలను వదిలి నీటి అడుగు చప్పుళ్లను పట్టుకుంటాయని చెబితే వెంటనే ఎక్కుతుంది. లేకుంటే ఆ గాజు పెట్టెలోది దీపావళి తారాజువ్వకు పెద్దన్నగానే మిగులుతుంది.

మూడో వరుస ఇంకా ఇబ్బందికరమైనది. ప్రభుత్వం ప్రకటించిన స్మార్ట్ ప్రయోగాలను చూద్దాం. మొదటిది 2020 అక్టోబర్ 5న ఒడిశా తీరంలోని వీలర్ దీవి నుంచి జరిగింది. క్షిపణి పోవలసిన దూరం, ఎత్తు, ముక్కు తొడుగు ఊడడం, టార్పెడో విడుదల, వేగం తగ్గించే ఏర్పాటు తెరుచుకోవడం, అన్నీ అనుకున్నట్లే జరిగాయని ఆ రోజు ప్రకటించారు. 2021 డిసెంబర్ 13న మళ్లీ ప్రయోగించి పూర్తి దూరం పోగలదని చూపించారు. 2024 మే 1న అబ్దుల్ కలాం దీవి నుంచి మరొకటి జరిగింది. వీలర్ దీవికి 2015లో పెట్టిన పేరే అది. ఈ చివరి రెండింటిలో క్షిపణి లేచింది నేల మీద కదిలే వాహనంపై అమర్చిన ప్రయోగ యంత్రం నుంచి. ఓడ మీది నుంచి కాదు. కనుక పలక మీది రంగుల బొమ్మ ఊహాచిత్రం. ఊహాచిత్రం వేయడం తప్పు కాదు గాని, దాని కింద ‘ఊహాచిత్రం’ అని రాయకపోవడం తప్పు. ‘మోహరించి ఉన్నది’ అన్న మాట బదులు ‘పరీక్షల దశలో ఉన్నది’ అని రాయడానికి కూడా అంతే చోటు పడుతుంది. దూరం విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. అధికారిక ప్రకటనలు టార్పెడో మామూలుగా పోగల దూరానికి ఎంతో అవతల అని చెప్పాయి; పత్రికలలో 600 కిలోమీటర్లు దాటిన అంకెలు వచ్చాయి. ఏది ఎవరు చెప్పినదో రాస్తే, అంకెను ఎలా చదవాలో కూడా పిల్లలు నేర్చుకుంటారు.

ఒక పెద్దమనిషి, ఆ రోజు మాతో ఉన్న తల్లిదండ్రులలో ఒకరు, ‘పరీక్షల దశ అని రాస్తే చిన్నతనంగా ఉండదా సార్’ అన్నారు. ఉండదు. పరీక్ష అంటేనే అక్కడ అసలు కథంతా ఉంది. ఈ క్షిపణిలో హైదరాబాద్‌లోని డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ ప్రయోగశాలల చేతి పని ఉంది, పారాచూట్లకు పేరుపడిన ఆగ్రా ప్రయోగశాల పని ఉంది, టార్పెడోలు తెలిసిన విశాఖ ప్రయోగశాల పని ఉంది. గాలిలో పోయే విద్య ఒకరిది, నెమ్మదిగా దించే విద్య ఒకరిది, నీటిలో ఈదే విద్య ఒకరిది. ఈ మూడు విద్యలూ కొన్ని క్షణాల్లో ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారాలి. ఎక్కడ బిగుసుకున్నా మొత్తం పోతుంది. మూడింటిలో రెండు తెలుగు నగరాలు. హనుమకొండలో చదివే పిల్లవాడు రేపు వాటిలో ఉద్యోగానికి పోవచ్చు. తాను చేరేనాటికి చేయవలసిన పని మిగిలి ఉందని తెలియడం అతనికి మంచి కబురే.

ఈ ఆయుధం ఎందుకన్న ప్రశ్నకు జవాబు కూడా పలక మీద ఉండాలి, దానికి 1971 చాలు. ఆ డిసెంబర్ 3వ తేదీ అర్ధరాత్రి ప్రాంతంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు బయట మునిగిపోయింది. మన ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీల (నీటిలో లోతుకు పోయి పేలే బాంబుల) వల్లనేనని మన నౌకాదళం, లోపలి పేలుడు వల్లనని పాకిస్తాన్ చెబుతూ వచ్చాయి. విశాఖ అంటే మనకు తెలిసిన కథ అదే. కాని వారం తిరగకముందే, డిసెంబర్ 9న, అరేబియా సముద్రంలో హంగోర్ అనే పాకిస్తాన్ జలాంతర్గామి మన ఐఎన్ఎస్ ఖుక్రీని టార్పెడోతో ముంచింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను వదలకుండా దానితోనే మునిగారు. జలాంతర్గామిని వేటాడడానికి పోయిన ఓడే దాని టార్పెడో అందే దూరంలోకి వచ్చి వేటయిపోయింది. ఆ దూరానికి అవతలే నిలబడి కొట్టగలిగితే ఎంత బాగుండునన్నది ఆ రాత్రి నుంచి ఉన్న కోరిక. మనం గెలిచిన కథ పక్కన ఈ కథ కూడా పెట్టాలి, లేకుంటే ఆ నమూనాకు కారణం కనిపించదు.

నమూనా తయారీ గురించి రెండు మాటలు. అసలు జలాంతర్గామిని చూడాలంటే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి విశాఖ పోవచ్చు. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన కురుసుర అక్కడి తీరాన ఉంది. 91 మీటర్ల ఆ ఇనుప గొట్టంలో ఒంగి నడిచి వచ్చినవాడికి ఎవరూ ఏమీ వివరించనక్కరలేదు. కాని పరీక్షలలో ఉన్న క్షిపణిని ఎవరూ తెచ్చి ఇవ్వరు, నమూనాయే గతి. అందుకే నమూనా అసలుకన్నా ఎక్కువ చెప్పాలి. మా గాజు పెట్టెలోది పైనుంచి కిందిదాకా ఒకే తెల్ల రంగు పూసిన మూసిన గొట్టం. అది అసలుకు ఎన్నో వంతో కూడా రాయలేదు. ఒక పక్క కోసి తెరిచి, రాకెట్ అంచెలు ఒక రంగులో, మడిచిన పారాచూట్ ఒక రంగులో, టార్పెడో ఒక రంగులో చూపిస్తే వడ్రంగికి వారం పని. ముక్కు తొడుగును ఊడదీసి పెట్టగలిగేటట్లు చేస్తే ఇంకా మంచిది. పిల్లలు దాన్ని రోజుకు వందసార్లు ఊడదీసి పెడతారు, ఆరునెలలకు విరుగుతుంది, మళ్లీ చేయించాలి. ఆ ఖర్చు పెట్టదగిన ఖర్చే.

తెలుగు గురించి కూడా చెప్పక తప్పదు. ఆంగ్ల నామాన్ని మాటకు మాట మార్చి ‘యొక్క’ దగ్గర వదిలేయడం అనువాదం కాదు. ‘టార్పెడోను దూరం మోసుకుపోయి వదిలే క్షిపణి’ అంటే చాలు. టార్పెడో, పారాచూట్, సోనార్ మనకు వచ్చిన మాటలే. వాటికి సంస్కృతం వెతికి పిల్లలను బెదరగొట్టవద్దు. శ్యేనం అంటే డేగ అని మాత్రం రాయండి, ఎందుకంటే ఆ ఒక్క సంస్కృతపు మాట అక్కడ నిజంగానే ఉన్నది.

సముద్రం మనకు దూరమని, ఇక్కడివారికి ఇదంతా ఎందుకని అనేవారు ఉంటారు. కాకతీయ గణపతిదేవుడు 13వ శతాబ్దంలో ఓరుగల్లులో కూర్చొని మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు; తుపానుకు ఒడ్డున పడిన ఓడల సరుకును రాజులు దోచుకొనే పద్ధతిని మాన్పి, సుంకం చెల్లించిన వర్తకులకు రక్షణ ఇచ్చాడు. ఓడల బాగోగులు పట్టించుకోవడం ఈ ఊరికి కొత్త కాదు. రామప్ప గుడి విమానానికి వాడిన ఇటుక నీటిలో తేలుతుందని ఇక్కడి ప్రతి పిల్లవాడికీ తెలుసు. ఆ ఇటుక ఎందుకు తేలుతుందో చెప్పిన నోటితోనే, తొట్లలోకి నీరు నింపుకొని మునిగే, గాలితో ఆ నీటిని వెళ్లగొట్టి తేలే జలాంతర్గామి గురించి చెప్పవచ్చు.

ఈ విషయాలను రెండు పేజీలలో రాసి ఆ ప్రదర్శనశాల కార్యాలయంలో ఇచ్చి వచ్చాను. తీసుకున్న గుమస్తా మర్యాదగానే మాట్లాడారు, పైకి పంపుతామన్నారు. ఐదు వారాలైంది, పలక అలాగే ఉంది. అందుకే మీ పత్రిక ద్వారా, నేను వారికిచ్చిన పలక పాఠాన్ని ఇక్కడ రాస్తున్నాను. వారు గాని, ఇటువంటి నమూనాలు పెట్టుకున్న మరే పాఠశాల గాని దీన్ని నన్ను అడగకుండానే వాడుకోవచ్చు, దిద్దుకోవచ్చు.

‘స్మార్ట్: టార్పెడోను దూరం మోసుకుపోయి వదిలే క్షిపణి. ఇది నమూనా, అసలుకు ఇన్నో వంతు. నీటి అడుగున దాగిన జలాంతర్గామిని దూరం నుంచే కొట్టడానికి మన దేశంలో తయారవుతున్నది. ఇంకా పరీక్షల దశలో ఉన్నది. 2020, 2021, 2024 సంవత్సరాలలో ఒడిశా తీరం నుంచి ప్రయోగించారు. ఎర్ర రంగు: రాకెట్. ఇది గాలిలోనే పని చేస్తుంది, నీటిలోకి పోదు. పసుపు రంగు: పారాచూట్. టార్పెడో నీటిని మెల్లగా తాకేటట్లు చేస్తుంది. నీలి రంగు: టార్పెడో. జలాంతర్గామి చప్పుడును వింటూ నీటిలో వెంటపడుతుంది. పక్కనున్నది ఊహాచిత్రం. చెరువు దగ్గర లకుముకి పిట్టను చూశారా? అది చేసే పనికీ, ఈ క్షిపణి చేసే పనికీ తేడా ఏమిటో ఆలోచించి మీ సారును అడగండి.’

‘ఇన్నో వంతు’ అన్నచోట అంకె వేయవలసినది ఆ నమూనా చేసినవారే.

భవదీయుడు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
హనుమకొండ